ఒక్క మార్కు విలువ



మా రోజుల్లో మార్కులన్నీ కూడి, 600కు ఎన్నో చూసుకునేవాళ్లం. 2012లో పదో తరగతికి గ్రేడ్లు వచ్చాయి. లెక్కల్లో 91 వస్తే ఏ1, పది పాయింట్లు. 90 అయితే ఏ2, తొమ్మిదే. ఆరు సబ్జెక్టుల పాయింట్ల సగటే జీపీఏ.

ఒక లెక్క చెబుతాను. ఒకరికి ఆరింటిలోనూ 91 చొప్పున 546 మార్కులు, జీపీఏ 10. ఇంకొకరికి ఐదింట నూటికి నూరు, లెక్కల్లో 90. మొత్తం 590, జీపీఏ 9.8. 44 మార్కులు ఎక్కువొచ్చిన బిడ్డే వెనకబడె!

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీట్లకు అప్పట్లో ఆ జీపీఏనే చూసేవారు. 2022లో మళ్లీ మార్కులొచ్చాయి. ఏ పద్ధతైనా, లెక్క ఎట్లా కడతారో పరీక్షకు ముందే పిల్లలకు విడమరిచి చెప్పండి అయ్యవార్లూ. కరువు సీమ బిడ్డకు చదువే సేద్యం.