శంతను నారాయణ్ జీవితం - మన పిల్లల చదువు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని. తరగతిలో మాట్లాడటం అలవాటే గాని ఇలాంటి వేదికలు నాకు కొత్త. నా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. "మాస్టారూ, పరాయి దేశం వెళ్లి కంప్యూటరు రంగంలో పైకొచ్చిన మనవాళ్లెవరి గురించైనా పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను శంతను నారాయణ్ గారిని ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో చివరకు మీకే తెలుస్తుంది.

మన దొనకొండలో ఇంటర్నెట్ సెంటరుకు పోని ఇల్లు లేదు. ఆధార్ కార్డయినా, పిల్లల హాల్ టికెట్టయినా "పీడీఎఫ్ తియ్యి బాబూ" అంటాం. ఆ పీడీఎఫ్‌ను 1993లో లోకానికి ఇచ్చిన కంపెనీ పేరు అడోబీ. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు 1982లో అమెరికాలో దాన్ని స్థాపించారు. ఎన్నో ఏళ్లు మన తెలుగు కరపత్రాలు, పెళ్లి పత్రికలు, ఇలాంటి సావనీర్లు డీటీపీ సెంటర్లలో పేజీలు కట్టించుకున్నది పేజ్‌మేకర్‌లో. అది కూడా 1994లో అడోబీ చేతికి వచ్చిందే. ఆ కంపెనీకి 2007 డిసెంబరులో ముఖ్య కార్యనిర్వహణాధికారి అయినవారు హైదరాబాదులో పుట్టిన శంతను నారాయణ్.

ఆయన 1963 మే 27న పుట్టారు. తెలుగు ఇంటివారే. తల్లి అమెరికన్ సాహిత్యం బోధించిన అధ్యాపకురాలు. తండ్రికి ప్లాస్టిక్ వ్యాపారం. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు చేశారు. తర్వాత అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు ఎం.ఎస్. చేసి 1986లో పట్టా తీసుకున్నారు. ఒక చిన్న కంపెనీలో పనికి చేరారు. 1989లో ఆపిల్ కంపెనీకి వెళ్లారు. ఉద్యోగం చేస్తూనే చదువు సాగించి 1993లో బర్క్‌లీలో ఎం.బి.ఏ. పూర్తి చేశారు. ఆ పైన సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంపెనీలో పనిచేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆయన చదివిన ఉస్మానియా ఎలా పుట్టిందో మన పిల్లలకు తెలియాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో దాన్ని స్థాపించినప్పుడు బోధన భాష ఉర్దూ. పాఠ్యపుస్తకాల కోసం ఒక అనువాద సంస్థనే పెట్టారు. దాన్ని దారుల్ తర్జుమా అనేవారు. 1929లో ఇంజినీరింగు కళాశాల వచ్చింది. ఇంజినీరింగు, వైద్యం కూడా అక్కడ ఉర్దూలోనే చెప్పారు. అయితే మొదటి రోజు నుంచీ ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. నారాయణ్ గారి కాలానికి అక్కడ బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది.

ఇక ఆయన సొంత వ్యాపారం సంగతి. 1996లో కొందరితో కలిసి పిక్ట్రా అనే కంపెనీ పెట్టారు. ఇంటర్నెట్ ద్వారా ఫోటోలు ఒకరికొకరు పంపుకొనే ఏర్పాటు అది. ఇవాళ మనం నిమిషానికొకసారి ఫోన్లో చేసే పని. కాని 1996 అంటే ఎలాంటి కాలం? మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అంతకు ముందు ఏడాది, 1995 ఆగస్టు 15న మొదలైంది. మన ఊళ్లో అప్పుడు ఎస్టీడీ బూత్ దగ్గర వరసలో నిలబడేవాళ్లం. అమెరికాలో కూడా డిజిటల్ కెమెరా ఉన్న ఇళ్లు తక్కువే. ఆలోచన మంచిదే, కాలం ఇంకా రాలేదు. ఆ కంపెనీ పెద్దది కాలేకపోయింది. 1998లో ఆయన అడోబీలో ఉద్యోగిగా చేరారు.

సోదరులారా, మన ఊళ్లో ఒకడు అంగడి పెట్టి మూసేస్తే పదేళ్లు చెప్పుకుంటాం. "వాడా, మునిగిపోయినోడు గదా" అంటాం. పిల్లవాడు ఇంటర్ తప్పినా అదే మాట. సొంత కంపెనీ నిలబడని మనిషి ఇంకొకరి దగ్గర చేరి, తొమ్మిదేళ్లలో దానికే పెద్ద అయ్యాడు.

పెద్ద అయ్యాకా అంతా సుఖంగా సాగలేదు. అంతకు ముందు సాఫ్ట్‌వేరు అంటే డబ్బాలో డిస్కు కొనుక్కోవడం. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. 2013లో ఆయన ఆ పద్ధతి మార్చి, నెల నెలా చందా కట్టి వాడుకోవాలన్నారు. వాడేవాళ్లు కోపగించుకున్నారు. 2012లో 440 కోట్ల డాలర్లున్న రాబడి 2013లో 406 కోట్లకు దిగింది. ఆయన వెనక్కి తగ్గలేదు. 2024లో అది 2,150 కోట్ల డాలర్లకు చేరింది. అన్నీ మెచ్చుకోదగినవే అని నేను చెప్పను. చందా మానుకోవడం కష్టంగా పెట్టారని 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వమే ఆ కంపెనీ మీద దావా వేసింది. 2022లో ఫిగ్మా అనే కంపెనీని 2,000 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించారు. ఐరోపా, బ్రిటన్ అధికారులు అభ్యంతరం చెప్పడంతో 2023 డిసెంబరులో మానుకొని, 100 కోట్ల డాలర్లు పరిహారంగా చెల్లించారు. 2019లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇంతవరకు చెప్పి, "పిల్లలూ, మీరూ ఇలాగే కావాలి" అని ముగిస్తే నాకూ సులువు, మీకూ సంతోషం. కాని అది సగం నిజమే అవుతుంది. తల్లి ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన ఇల్లు, దక్కన్‌లో పేరున్న బడి - ఆయన పరుగు మొదలుపెట్టిన చోటు అది. మన పిల్లలు మొదలుపెట్టే చోటు వేరు. ఆయన కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మన పిల్లలకు ఏది లేదో మనం తెలుసుకోవాలని అంటున్నాను.

నా సంగతే చెబుతాను. నేను పదో తరగతి ఉర్దూలో ప్యాసై ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చేరాను. మొదటి రోజు భౌతికశాస్త్రం క్లాసులో 'యాక్సిలరేషన్' అన్నారు. 'ఇస్రా' అంటే నాకు తెలుసు, లెక్క కూడా వచ్చు. కాని ఆ రెండూ ఒకటేనని నాకు చెప్పినవారు లేరు. నా పక్కన కూర్చున్నవాడు లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. మూడు నెలలు చూసి, "నాకు బుర్ర లేదురా" అని మానేశాడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేరాడు. ఇరవై ఏళ్లు ఆ రాతి దుమ్ములో పిల్లలు రాసుకొనే పలకలు కోశాడు. బుర్ర లేక కాదు, నలభై మాటలు తెలియక. ఆ రోజు నేను వాడికి ఏమీ చెప్పలేకపోయాను. నాకే తెలియదు గదా.

నిరుడు మా బడిలో మంచి మార్కులతో ప్యాసైన ఒక అమ్మాయి కూడా అలాగే దసరా సెలవుల తర్వాత కాలేజీకి పోలేదు. వాళ్ల అబ్బా నాతో, "సార్, మీ ఉర్దూతో మా పాప యాడికి పోతాది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేక తల వంచుకున్నాను.

ఇవాళ చెబుతున్నాను. తప్పు ఉర్దూది కాదు. ఉర్దూలో ఇంజినీరింగు చెప్పిన విశ్వవిద్యాలయం మన రాష్ట్రాల గడ్డ మీదే నడిచింది. కాని దాన్ని పెట్టినవారు పక్కన ఇంగ్లీషును తప్పనిసరి చేశారు. మనం ఒక గట్టు మీద పిల్లల్ని నిలబెట్టి, రెండో గట్టుకు వంతెన వేయకుండా దూకమంటున్నాం. దూకలేనివాళ్లను మొద్దులంటున్నాం.

ఉర్దూలోనే ముందుకు చదవాలనుకొనే వారికీ దారులు ఉన్నాయి. హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. దాని పాలిటెక్నిక్ ఒకటి మన కడపలోనే ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఈ సభలో ఎంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు? చేతులెత్తమని అడగను.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. పదో తరగతి పరీక్షలకూ ఇంటర్ క్లాసులకూ మధ్య వేసవిలో నలభై రోజులు ఒక తరగతి నడుపుదాం. లెక్కలు, సైన్సు, కంప్యూటరు మాటలు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో నేర్పుదాం. జీతం లేకుండా నేను చెబుతాను. మాటల పట్టిక ఇప్పటికే నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను, మూడు వందలు దాటాయి. దాన్ని ఇన్‌పేజ్‌లో టైపు చేయించి పీడీఎఫ్ చేస్తే ప్రతి ఇంట్లో ఫోన్లోకి ఉచితంగా పోతుంది. రెండు పాత కంప్యూటర్లు, ఒక గది, టైపు ఖర్చు - ఇంతే కావలసింది. డబ్బెక్కడిదంటారా? ఈ పూట మనం కప్పిన శాలువాలు, ఇచ్చిన జ్ఞాపికలు లెక్క వేయండి. నాకు కప్పిన శాలువాను కార్యదర్శిగారికే తిరిగి ఇస్తున్నాను. ఇది అగౌరవం అనుకోవద్దు, చందాలో మొదటిదిగా రాసుకోండి.

మన పిల్లల్లో ఒకరు అడోబీ కంపెనీ నడుపుతారని నేను మాట ఇవ్వలేను. ఈ జూన్‌లో చేరిన పిల్ల దసరా తర్వాత కూడా కాలేజీకి పోతుందని మాత్రం మనందరం కలిస్తే మాట ఇవ్వవచ్చు.