బౌడెను దొరగారు



పాలకొల్లు పేరు వినగానే మనకు క్షీరారామము స్ఫురించును. నేనును ఆ స్వామి భక్తుడనే. పంచకావ్యములు గురుముఖమున చదివినవాడను. అట్టివాడను ఒక క్రైస్తవ బోధకుని గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండుటచే, ఈ విషయమున నాకొక బాకీ గలదు.

1836వ సంవత్సరమున నారిస్ గ్రోవ్స్ అను నాతడు ఇంగ్లండులోని డెవన్ సీమనుండి ఇద్దరు యువకులను భార్యాసమేతముగా వెంటబెట్టుకొని వచ్చెను. వారిలో విలియం బౌడెను రాతిపనివాడు. జార్జి బీరు చెప్పులు కుట్టువాడు. నెలజీతమిచ్చు సంఘమేదియు వారి వెనుక లేదు. వారు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు కాపురముండి, మన తెలుగు నేర్చి బోధింపసాగిరి. తొలి యేండ్లలో ఫలము స్వల్పము.

1847లో ధవళేశ్వరమున కాటన్ దొరగారి ఆనకట్టపని ఆరంభమయ్యెను. వేలకొలది కూలివాండ్రు గుమిగూడిరి. మాలపల్లెల జనులు తమ యూరి కట్టుబాట్లకు దూరముగా, పగలు రాళ్లు మోయుచు, రాత్రులు గోదావరి గట్టున గుడిసెలలో తలదాచుకొనిరి. బోధ అచ్చటికిని చేరెను. రాతిపని యెరిగినవాని మాట రాళ్లు మోయువాని చెవి కెక్కుట వింతగాదు గదా! 1852లో ఆనకట్ట ముగిసెను. మరుసటియేటనే బీరు గతించెను. బౌడెను మాత్రము 1876లో కన్నుమూయువరకు, నలువదియేండ్లు, ఈ నేలను విడువలేదు.

మన దేవతలను గూర్చి ఆ బోధకులు పలికిన పరుషోక్తులు నాకు సమ్మతములు గావు. మతము మారినను పేటల నడుమ కులభేదము పూర్తిగా పోలేదనుటయు నిజమే. అయినను గ్రంథము చదువవలెనన్న అక్షరములు రావలెను. ప్రార్థన పాకలోనే బడి వెలసెను. ఆ పలక పట్టినవారిలో ఆడుపిల్లలును గలరు.

మా తాతగారు మా యింటి అరుగుమీద వీధిబడి నడిపిరి. అమరము, గజేంద్రమోక్షము ఎంతయో చక్కగా చెప్పెడివారట. పల్లెపిల్లలు మాత్రము ఆ వీధి మలుపున నిలిచి వినుటకును వీలులేదు. అది ధర్మమనియే వారు నమ్మిరి. పెద్దలను నిందింపను, ఉన్నమాట చెప్పుచున్నాను.

నేను ఉద్యోగమున చేరిన తొలియేట, ఒక పల్లెబాలుడు సీసపద్యమును తప్పులేని విరుపులతో చదివెను. "ఎవరు నేర్పిరి నాయనా?" అంటిని. "మా నాయనమ్మండి" అనెను. ఆమెకు చదువు ప్రార్థన మందిరపు బడిలో అబ్బినదట.

పండితుని యిల్లాలైన మా నాయనమ్మ కడవరకు వ్రేలిముద్రయే వేసెను.