కానిస్టేబుల్ పోస్టు ఖాళీగా ఉంచితే ప్రభుత్వానికి నిజంగా డబ్బు మిగులుతుందా?

ఈరోజు ఎపిసోడ్ మా బావ వల్ల చేస్తున్నాను. మా అక్క భర్త. కానిస్టేబుల్. ఏ జిల్లా, ఏ స్టేషన్ అని మాత్రం అడక్కండి. చెబితే ఆయనకి మెమో వస్తుంది, నాకు అక్క ఇంట్లో భోజనం ఆగిపోతుంది.

మొన్నీమధ్య మా మేనకోడలి అన్నప్రాసన. ముహూర్తం పదకొండింటికి. బావకి ముందు రోజు నైట్ డ్యూటీ, పొద్దున్నే ఎవరో పెద్దాయన టూర్ బందోబస్తు. యూనిఫాంలోనే పన్నెండున్నరకి వచ్చారు. అప్పటికి పంతులు గారు ముహూర్తం దాటిపోతోందని తొందరపెడితే, తండ్రి పెట్టాల్సిన మొదటి ముద్ద మేనమామని కదా అని నాతో పెట్టించేశారు. బావ సోఫాలో కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టారు. ఒక బూటు కాలికి ఉండగానే నిద్రపోయారు. అక్క ఏమీ అనలేదు. రెండో బూటు తనే విప్పింది.

సాయంత్రం లేచాక అడిగాను, "బావా, మీకు వీక్లీ ఆఫ్ అని ఆర్డర్ ఇచ్చారుగా?" అని. "ఆర్డర్ వచ్చింది బామ్మర్దీ, మనుషులు రాలేదు" అన్నారు. ఆ రాత్రి నేను లాప్‌టాప్ తీసి లెక్క వేశాను. ఇంజినీరింగ్ చదివిన రోగం, ఏం చేస్తాం.

లెక్క చాలా సింపుల్. స్టేషన్‌లో సెంట్రీ డ్యూటీ ఉంటుంది కదా, గేటు దగ్గర తుపాకీతో నిలబడేది. అక్కడ 24 గంటలూ ఒక మనిషి ఉండాలి. వారానికి 168 గంటలు. ఒక మనిషి రోజుకి 8 గంటలు, వారానికి ఆరు రోజులు చేస్తే 48 గంటలు. 168ని 48తో భాగిస్తే 3.5. అంటే ఆ ఒక్క చోటుకే మూడున్నర మంది కావాలి. ఇంకా సెలవులు, జ్వరాలు, కోర్టు వాయిదాలు, ట్రైనింగులు ఇందులో కలపలేదు. కలిపితే నలుగురు దాటిపోతారు. అదే ముగ్గురో ఇద్దరో ఉన్నారనుకోండి, గేటు అయితే ఖాళీగా ఉండదు. ఉన్నవాళ్ళే ఎక్కువ గంటలు నిలబడతారు.

ఇది నా సొంత కవిత్వం కాదండి. మన హైదరాబాద్‌లోనే ఆస్కీ, అంటే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, 2014లో కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్‌డీ కోసం దేశమంతా ఒక స్టడీ చేసింది. ప్రశ్న ఒక్కటే: పోలీస్ స్టేషన్లలో 8 గంటల షిఫ్టులు పెట్టాలంటే ఎంతమంది కావాలి? తేలింది ఏంటంటే, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకి 8 గంటల కంటే ఎక్కువే పనిచేస్తున్నారు. నూటికి 70 మందికి పైగా నెలలో ఒక్క వీక్లీ ఆఫ్ కూడా తీసుకోలేకపోతున్నారు. షిఫ్టులు నడవాలంటే స్టేషన్ సిబ్బందిని 1.68 రెట్లు చెయ్యాలి.

మరి ఉన్నదెంత? బీపీఆర్‌డీ లెక్కలోనే 2020 జనవరి 1 నాటికి దేశంలో రాష్ట్రాల పోలీసు పోస్టులు 26.23 లక్షలు, మనుషులు 20.91 లక్షలు. 5.31 లక్షలు ఖాళీ. మంజూరైన పోస్టులే సరిపోవు, అందులోనూ ఐదో వంతు ఖాళీ.

ఎందుకు నింపరు? ఇక్కడే బడ్జెట్ వస్తుంది. పోలీసు బడ్జెట్‌లో చాలా భాగం జీతాలే. పెట్రోల్ తగ్గిస్తే ఎంత మిగులుతుంది చెప్పండి? అసలు ఖర్చు మనిషి. ఒక కానిస్టేబుల్‌ని తీసుకోవడమంటే ముప్పై ఏళ్ళకి పైగా జీతం, డీఏ, తర్వాత రిటైర్మెంట్ ఖర్చు. ఖజానా టైట్‌గా ఉన్నప్పుడు ఏదైనా పథకం ఆపితే మర్నాడు రోడ్డు మీద ధర్నా ఉంటుంది. రిటైరైన కానిస్టేబుల్ కుర్చీ నింపకపోతే ఎవరికీ తెలియదు. సంతకం కూడా అక్కర్లేదు, ఫైల్ కదలకపోతే చాలు. అన్నిటికంటే తేలికైన పొదుపు ఇదే.

రిక్రూట్‌మెంట్ ఆలస్యానికి ప్రతిసారీ డబ్బే కారణం అని నేను అనను. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది, ఫైనల్ రిజల్ట్ 2025 ఆగస్టులో వచ్చింది. మధ్యలో కోర్టు కేసులు, ఎన్నికలు, ప్రభుత్వం మారడం, అన్నీ అయ్యాయి. కారణం ఏదైనా, 23 ఏళ్ళకి అప్లై చేసినవాడు 26 ఏళ్ళకి ట్రైనింగ్‌కి వెళ్తాడు. ట్రైనింగ్ ఇంకో తొమ్మిది నెలలు. ఆ మూడేళ్ళూ ఆ డ్యూటీ చేసింది మా బావ లాంటివాళ్ళు.

ఇంకో సర్దుబాటు హోంగార్డు. మొదట్లో ఇది వాలంటీర్ వ్యవస్థ, అవసరమైతే పిలిచేది. ఇప్పుడు ట్రాఫిక్‌లో, స్టేషన్‌లో, డ్రైవింగ్ సీట్లో రోజూ కనిపించేది వాళ్ళే. 2015లో సుప్రీంకోర్టు హోంగార్డులు రెగ్యులర్ ఉద్యోగులు కారు అంటూనే, నెల రోజులు పనిచేస్తే వచ్చే అలవెన్సు కానిస్టేబుల్ కనీస వేతనం కంటే తగ్గకూడదని చెప్పింది. తెలంగాణలో రోజువారీ అలవెన్సుని 921 నుంచి 1,000 రూపాయలకి పెంచుతామని 2024 డిసెంబర్‌లో ప్రకటించారు. పెంపు మంచిదే. కానీ ఎండలో పక్కపక్కనే నిలబడే ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం ఉంది, ఇంకొకరికి డ్యూటీ మాత్రమే ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో టెక్నికల్ డెట్ అంటాం. ఈరోజు అడ్డదారిలో కోడ్ రాసి రిలీజ్ ఇచ్చేస్తాం, రెండేళ్ళ తర్వాత ఇంకెవడో రాత్రుళ్ళు కూర్చుని దానికి వడ్డీ కడతాడు. నాకు ఈ ఖాళీలు అచ్చం అలాగే అనిపించాయి. కానీ మన దగ్గర ఇది మెల్లగా, చప్పుడు లేకుండా జరుగుతుంది కాబట్టి వడ్డీ ఎంతో కంటికి కనపడదు. ఇదే పనిని ఒక దేశం అందరికీ చెప్పి చేసింది, తర్వాత వెనక్కి కూడా తిరిగింది. ఇంగ్లాండ్ అండ్ వేల్స్. అక్కడ లెక్క మొత్తం కనిపిస్తుంది.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడ పొదుపు ప్రభుత్వం వచ్చింది. 2010 అక్టోబర్‌లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ పోలీసులకి కేంద్ర నిధుల్లో నాలుగేళ్ళలో 20 శాతం కోత ప్రకటించాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. అక్కడి చట్టం ప్రకారం పోలీసు ఆఫీసర్‌ని ఐటీ కంపెనీలా లే ఆఫ్ చేసి పంపడం కుదరదు. అందుకని ఏం చేశారు? కొత్త రిక్రూట్‌మెంట్ ఆపేశారు. కొన్ని ఫోర్సులు ఏ19 అనే రూల్ తీసి, 30 ఏళ్ళ సర్వీసు నిండినవాళ్ళని బలవంతంగా రిటైర్ చేశాయి. అంటే కొత్తవాడు లోపలికి రాడు, అందరికంటే బాగా పని తెలిసినవాడు బయటికి పోతాడు. ఆఫీసు స్టాఫ్‌నీ తగ్గించారు కాబట్టి ఆ కాగితాల పని కొంత ఉన్న ఆఫీసర్ల మీద పడింది. స్టేషన్ బిల్డింగులు అమ్మారు. సినిమాల్లో మనం చూసే లండన్ న్యూ స్కాట్లాండ్ యార్డ్ బిల్డింగ్ ఉంది చూశారా, దాన్నే 2014లో 37 కోట్ల పౌండ్లకి అమ్మేశారు.

2010లో 1.43 లక్షలున్న ఆఫీసర్లు 2018 నాటికి 1.22 లక్షలయ్యారు. 21 వేల మంది పోయారు. నమోదైన నేరాల్లో నిందితుడిపై చార్జ్ పెట్టినవి 2015లో నూటికి 15 దాకా ఉంటే, 2022కి 6 లోపుకి పడిపోయాయి. నేరాలు రాసుకునే పద్ధతి మారడం కూడా ఇందులో ఒక కారణం, మొత్తం తప్పు కోతదే అని నేను చెప్పను. కానీ జనానికి కోపం వచ్చింది. 2019లో బోరిస్ జాన్సన్ ప్రధాని అవ్వగానే 20 వేల మందిని తీసుకుంటామన్నాడు. తీసుకున్నారు కూడా. 2023 మార్చికి 1,49,572 మంది. రికార్డు.

సంఖ్య చూస్తే ప్రాబ్లం సాల్వ్. లోపల చూస్తే మూడో వంతుకి పైగా ఆఫీసర్లకి ఐదేళ్ళ సర్వీసు కూడా లేదు. వాళ్ళకి పని నేర్పాల్సిన సీనియర్లు ఎవరు? ఏ19లో ఇంటికి పంపినవాళ్ళు, విసిగి మానేసినవాళ్ళు. పదేళ్ళ అనుభవం ఉన్న దర్యాప్తు అధికారిని తయారు చేయడానికి పదేళ్ళే పడుతుంది. నోటిఫికేషన్ వేస్తే రాడు.

సరే, "మనుషుల్ని పెంచితే అన్నీ అయిపోతాయా?" అంటారు. అవ్వవు. ఉన్నవాళ్ళని ఎక్కడ వాడుతున్నారన్నది కూడా అంతే ముఖ్యం. ఆఫీసర్ల ఇళ్ళల్లో ఆర్డర్లీలుగా, అవసరం తీరిపోయిన వీఐపీల వెనక గన్‌మన్‌లుగా ఉన్నవాళ్ళని స్టేషన్‌కి పంపితే రూపాయి ఖర్చు లేకుండా కొంత ఊపిరి వస్తుంది. కొత్త రిక్రూట్‌మెంట్ కంటే ముందు చేయాల్సింది ఇదే అని నా అభిప్రాయం. "టెక్నాలజీ ఉందిగా బ్రో" అనేవాళ్ళకి ఒక మాట, నేనూ ఆ ఫీల్డ్ నుంచే వచ్చాను. హైదరాబాద్‌లో 2022లో ఓపెన్ చేసిన కమాండ్ కంట్రోల్ సెంటర్ అద్భుతంగా ఉంటుంది. స్క్రీన్ మీద గొడవ కనిపిస్తుంది. అక్కడికి బండేసుకుని వెళ్ళి ఇద్దర్నీ విడదీయాల్సింది మాత్రం మనిషే.

నాకు కావాల్సింది పెద్ద మెగా నోటిఫికేషన్ కాదండి. ఐదేళ్ళకోసారి పదివేలు కాకుండా, ప్రతి ఏడాదీ ఎంతమంది రిటైర్ అవుతున్నారో అంతమందిని తీసుకోవడం. రిటైర్మెంట్ డేట్ సర్వీస్ రిజిస్టర్‌లో మొదటి రోజు నుంచీ రాసి ఉంటుంది, అదేం తుఫాను కాదు కదా చెప్పకుండా రావడానికి. ఏటా కొంచెం కొంచెం తీసుకుంటే ఖజానా మీద ఒకేసారి బరువు పడదు, స్టేషన్‌లో సీనియర్, జూనియర్ కలిసి ఉంటారు, కోచింగ్ సెంటర్లో కుర్రాళ్ళ వయసు కరిగిపోదు.

మీ ఊరి స్టేషన్ సంగతి మీరే తెలుసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద రెండే ప్రశ్నలు: మంజూరైన పోస్టులు ఎన్ని, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు ఎంతమంది. హోంగార్డుల్ని విడిగా అడగండి, లేకపోతే లెక్క కలిసిపోతుంది. ఫీజు పది రూపాయల్లోపే.

ఈ స్క్రిప్ట్ రికార్డ్ చేసే ముందు బావకి చదివి వినిపిద్దామని ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. "ఇప్పుడే పడుకున్నార్రా, మళ్ళీ తొమ్మిదింటికి డ్యూటీ, లేపను" అంది. కాబట్టి ఇందులో తప్పులేమైనా ఉంటే అవి నావే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.