గంప దిగినగాని పొయ్యి వెలుగదు

(ఒక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



పట్టణవాసి నిద్ర లేచి కాఫీ త్రాగి పత్రికకై చేయి చాచునప్పటికి, విశాఖపట్టణపు చేపలరేవులో ఒక స్త్రీ ఆనాటి పనిలో సగము ముగించియుండును. తెల్లవారకమునుపే యామె రేవు చేరును. పడవలు వచ్చును, సరకు గుట్టలుగా పోయుదురు, పాట మొదలగును. చేతనున్న పైకము చాలనిచో అక్కడనే యప్పు చేయును. ఆ యప్పు సాయంకాలమునకు వడ్డీతో తీర్పవలసినదే. కొన్న చేపలకు ఐసు చల్లి, నలుగురితో కలిసి ఆటో కిరాయి పంచుకొని పేటలకు పోవును. నీరు కారు గంపను బస్సులో నెక్కనిత్తురా!

ఈ సంపాదనమును మనము వేన్నీళ్లకు చన్నీళ్లని తేలికగా చెప్పుచుందుము. మేమును మొన్నటివరకు నట్లే వ్రాసితిమి. అది పొరపాటని యొప్పుకొనుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

మగవాడు వేటకు పోవును. అతనికి వచ్చునది వాటాయే కాని జీతము కాదు. వల నిండిననాడు కలదు. నిండనినాడు డీజెలు ఖర్చునకే చాలదు. గంప మాత్రము దినదినమును తిరుగవలసినదే. పప్పు, నూనె, కూర, కరెంటు బిల్లు, అత్తగారి మందుబిళ్లలు, అన్నియు ఆ గంపలోనుండి వచ్చునవే. పల్లెలో గాదె యడుగున నాలుగు గింజలుండవచ్చును, పెరటిలో నొక యానపపాదు ఉండవచ్చును. పట్టణమున ఉప్పుకల్లు మొదలు సమస్తమును కొనవలసినదే. 2013 నాటి ఆహారభద్రతా చట్టము, రేషను కార్డుపై పదునెనిమిదేండ్లు నిండిన పెద్ద స్త్రీనే కుటుంబపెద్దగా చూపుమన్నది. మంచిమాటయే. కాని ఆ కార్డుపై మనిషికి నెలకు లభించునది 5 కిలోల ధాన్యము. కాయకష్టము చేయువానికి అది నెల చివరివరకు రాదు. వచ్చినను వట్టి యన్నము భోజనము కాదు. మిగిలినదంతయు రొక్కముమీద నాధారపడినది. 1943 నాటి బంగాళా కరవునకు ధాన్యపు కొరతకంటె పేదల కొనుశక్తి నశించుటయే ప్రధానకారణమని అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున నిరూపింప బూనెను. ఆ మాట గంపకును వర్తించును.

అంతే కాదు. ఆమె తన యింటినే గాక ఊరిని గూడ పోషించుచున్నది. చేతనున్న చిల్లరకు తగినన్ని నెత్తళ్లో కవళ్లో ఇంటి గుమ్మమువద్ద దించి యిచ్చువారెవరు? తాపీపనివాని యింట పులుసు కాగుచున్నదన్న అది యీమె నడక ఫలము.

ఇక అసలు సంగతికి వత్తము. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. నిషేధము న్యాయమే, మేము దానిని ఖండింపము. వేట మానిన వారికి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము భృతి నిచ్చుచున్నది. 2019లో దానిని 10,000 రూపాయలు చేసిరి, 2025లో 20,000 చేసిరి. సంతోషము. కాని యది పడవలో పోవువారిని లెక్కించి యిచ్చునది. పడవ నిలిచిన గంపయు నిలుచునుగదా! గంప మోయు స్త్రీకి ఆ పట్టికలో చోటేది?

భర్తకు వచ్చిన సొమ్ము భార్యకు రాలేదా యని కొందరందురు. ఇంట రెండు సంపాదనలు నిలిచిపోగా ఒకదానికి మాత్రమే భృతి యిచ్చుట యెట్టి లెక్క? విధవ మాట యేమి? ఆమెకు పడవకు పోవువాడు లేడు, ఆ రెండు నెలలు తట్టలోనికి చేపయు లేదు. ఎండుచేపలమ్మును, పరుల యిండ్ల అంట్లు తోమును, అప్పు చేయును. మొదట పిల్లలకు గ్రుడ్డు మానును. పిమ్మట తన రాత్రి భోజనము మానును. ఈ రెండవది ఇంటిలో నెవ్వరికిని తెలియనీయదు.

2014 వీధివర్తకుల చట్టము ప్రకారము పట్టణ విక్రయసంఘమునందలి వర్తకప్రతినిధులలో మూడవవంతుకు తక్కువగాకుండ స్త్రీలుండవలయును. మన పేటలో వారెవరో ఈ సభలో నొక్కరైనను చెప్పగలరా?

మహజరు ఈ బల్లమీదనే యున్నది. కోరినవి రెండే: నిషేధకాలపు భృతిలో చేపలమ్ము స్త్రీలను వేరుగా లెక్కించుట, పేటకొకచోట నీడయు, నీరును, మరుగుదొడ్డియు గల స్థలము. చేపలు తినని పెద్దలును సంతకము చేయవచ్చును.