కలిసి దిగిన ఫ్లాటు ఖాళీ చేసేటప్పుడు

హైదరాబాదులో నలుగురు మిత్రులు కలిసి ఫ్లాటు తీసుకుంటారు. అగ్రిమెంటు మీద నలుగురి సంతకాలూ ఉంటాయి. ఒకరికి పుణేలో ఉద్యోగం వస్తుంది. పెట్టె సర్దుకుని వెళ్లిపోతే సరిపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే, మొత్తం అద్దె బాకీని ఓనరు ఏ ఒక్కరినైనా అడగొచ్చు. పుణే వెళ్లినాయనకూ మినహాయింపు లేదు!

అందుకని ముందు అగ్రిమెంటు తిరగేయండి. మనవాళ్లు దాన్ని మామూలుగా 11 నెలలకే రాసుకుంటారు. నోటీసు గడువు అందులోనే ఉంటుంది. లేకపోతే, నెలనెలా సాగే అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 15 రోజులంటుంది. అదీ కాగితం మీద, సంతకంతో. "ఫోన్లో చెప్పానుగా" అంటే నిలబడదు.

మిగిలినవాళ్లు ఉంటామంటే, కొత్త మనిషి పేరుతో మళ్లీ రాయించుకోవడమే మేలు. పాతాయన అడ్వాన్సు వాటా ఎవరిస్తారో అప్పుడే తేల్చుకోవాలి.

అసలు పేచీ సున్నాలకూ రిపేర్లకూ అడ్వాన్సులో కోసే డబ్బు దగ్గర. గోడకు మేకుల బెజ్జాలు, కారే సింకు కుళాయి, పనిచేయని గీజరు, అన్నీ ఓనరు ముందే ఫొటోలు తీయండి. కరెంటు మీటరు రీడింగు కూడా. చివరి బిల్లు మీరు వెళ్లాకే వస్తుంది.