తుపాకిరాముడు: నవ్వించు వేషము, దాని గుణదోషములు



మనుష్యుడు తాను కాని వానివలె కొంతసేపు నటించి సంతోషించుట లోకమంతట ఉన్నదే. పిల్లలు కట్టెపుల్లను గుఱ్ఱము చేసికొని రాజులగుదురు. పెద్దలు వేషము కట్టి వీధికి వత్తురు. నేటి యువకులు అరచేతిలోని ఫోనునందు ఒక వేషము ధరించి, యంత్రము కల్పించిన ఊళ్లు తిరుగుచున్నారు. ఈ మూడింటికిని మూలమొక్కటే. వీనిలో నవ్వించుటయే ప్రధానముగా గల ఆటలకు గల ఆకర్షణను, లోపములను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

మా కుల్కచర్ల ప్రాంతమున నవ్వించు వేషమనగానే జ్ఞప్తికి వచ్చువాడు తుపాకిరాముడు. పిట్టలదొర యనియు, లత్కోరుసాబు అనియు ఇతనికి పేళ్లు కలవు. ఇది పగటివేషములలో నొకటి. పగటివేషములనగా రంగస్థలమును దీపములును లేక, పట్టపగలు ఇంటింటి ముంగిట ఆడు ఆటలు. కృష్ణాతీరమున కూచిపూడివారు ఈ విద్యలో ప్రసిద్ధులు. వారి అర్ధనారీశ్వర వేషము చూచువారికి భక్తిని కలిగించును. మన తెలంగాణమున బుడిగజంగములు మొదలైనవారు వేషములు కట్టుచు ఊరూర తిరుగుట కలదు. ఒక ఊర కొన్ని దినములుండి, దినమున కొక వేషము చూపి, కడపట ధాన్యమో పైకమో పుచ్చుకొని పోవుట వారి వాడుక.

తుపాకిరాముని అలంకారము మీరెఱుగనిది కాదు. చిరిగిన ఖాకీ లాగు, మాసిన చొక్కా, నెత్తిన టోపీ, భుజమున కొయ్యతుపాకి. ఆ తుపాకి ఎన్నడును పేలదు. పేలునది ఆతని నోరు. తెలుగును, ఉర్దూను, వచ్చీరాని ఇంగ్లీషును కలిపి, ఊపిరి తీయక తన సంపదను, తన బలగమును, తన వేటను వర్ణించుకొనును. మన సీమకు తగినట్లు ఒక మచ్చు నేనే కల్పించి చెప్పెదను:

"మా కందిచేనుకు గట్టు కట్టించిన దొరా. తాండూరు బండలన్ని ఒడిసినయి. ఇంక మూరెడు జాగ మిగిలితే సందమామను చెక్కి పెట్టిచ్చిన. గందుకే అమాసనాడు అది మీకు కనబడదు!"

అప్పుడు అరుగుమీది పెద్దమనిషి, "మరి పున్నమినాడెట్ల కనబడ్తది?" అని అడుగును. వేషగాడు తడుముకొనక, "పున్నమికి కిరాయికిచ్చిన దొరా, పైసలింక రాలే!" అనవలెను. ముంగిలి యంతయు నవ్వును. ఈ ఆటకు ప్రాణమంతయు ఆ ప్రశ్నలోను, ఆ జవాబులోను ఉన్నది. ప్రతి ఇంటి ముంగిట ప్రశ్న మాఱును. ప్రశ్నతో అబద్ధమును మాఱును. చూచువాడు ఊరక చూచువాడు కాడు. అతడును ఆటలో నొక పాత్రధారియే.

ఈ వేషమునకు రెండవ ఆకర్షణ కలదు. దొర యను మాటకు మన సీమలో ఒకప్పుడెంత బరువుండెనో మీకు తెలియును. వికారాబాదు పేరే పైగా ప్రభువైన వికారుల్ ఉమ్రా పేర వెలసినది. దొరల గడీల ముందు చెప్పులు విడిచి నడచిన తరములవారు మన తాతలు. అట్టి దేశమున చినిగిన బట్టలవాడొకడు తుపాకి భుజమున వేసికొని, "నేను దొరను" అని చాటుచు వీధివెంట నడచుట చిన్న మాట కాదు. వేటకు వెళ్లు దొరతనమును, పటాలపు దర్పమును, పట్టాభూముల గర్వమును వాడు తన పొట్టమాటలతో తూచి చూపెను. ఎవరిని నవ్వుచున్నాడో అందఱకును తెలియును. పేరు మాత్రము ఎత్తడు. నవ్వంతయు తనపై వేసికొనును గనుక వానిని దండించువాడు లేడు.

ఇక లోపములు చెప్పెదను. మొదటిది చర్వితచర్వణము. తండ్రి చెప్పిన అబద్ధమునే కొడుకు, కొడుకు చెప్పినదానినే మనుమడు వల్లించుచు వచ్చిరి. కొత్త మాట పుట్టనిచోట నవ్వు రెండవ ఏటికే పాతబడును. రెండవది ఇంకను పెద్దది. పెద్దలను నవ్వుట కష్టము, పేదను నవ్వుట సులభము. అందుచేత పలుమాఱు హాస్యము నత్తివానిమీదను, కుంటివానిమీదను, వయసు మీఱిన ఆడుదానిమీదను, జవాబు చెప్పలేని కులమువానిమీదను పడుచుండెను. ఆ ముంగిట అందఱును నవ్వుచుండగా తల వంచుకొని నిలిచినవాడొక్కడుండును. అతడు నవ్వలేని నవ్వు హాస్యమనిపించుకొనదు.

మూడవ లోపము వేషమునందు లేదు, మనయందున్నది. మనము నవ్వితిమి, నవ్వించినవానికి గౌరవమీయలేదు. అబద్ధములాడువానిని తుపాకిరాముడని తిట్టుచున్నాము. లత్కోరను మాట ఊతపదమువంటి తిట్టయినది. తండ్రి వృత్తి పేరే తిట్టుగా వినవచ్చుచుండగా ఏ కొడుకు ఆ కొయ్యతుపాకిని మోయును? 2019లో తుపాకిరాముడను పేర చలనచిత్రమొకటి వచ్చినది. బిత్తిరి సత్తి యను పేర టెలివిజనులో నవ్వించిన నటుడు అందు ముఖ్యపాత్ర ధరించెను. పేరు తెరకెక్కినది గాని, వీధిలోని వేషగాని బ్రదుకు దానివలన మాఱలేదు.

ఇప్పుడు యంత్రములోని వేషముమాట. పాత్ర ధరించి ఆడు ఈ ఆటలకు మూలమైనవానిలో ముఖ్యమైనది 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దానిని బల్లచుట్టు కూర్చుండి నోటి మాటలతో ఆడిరి. ఒకడు కథ చెప్పును, తక్కినవారు తమ పాత్రల పక్షమున బదులు చెప్పుదురు. మన ముంగిటి ఆటకు అది దూరపు చుట్టమనవచ్చును. పిమ్మట ఆ ఆట యంత్రములోనికి పోయినది. అందు హాస్యమునకు పేరు పొందినది, 1994లో జపానులో మదర్ 2 గా వెలువడి, మఱుసటి యేట అమెరికాకు ఎర్త్‌బౌండ్ అను పేర వచ్చిన ఆట. దానిని రూపొందించిన షిగెసాతో ఇతొయి వ్యాపార ప్రకటనల రచయితగా పేరుపొందినవాడు.

తక్కిన ఆటలలో రాజులును ఖడ్గములును ఉండగా, ఇందు నాయకుడొక సామాన్య బాలుడు. ఆయుధము బంతికొట్టు కట్టె. తోడివచ్చు బాలిక చేత వేపుడు పెనము. తండ్రి ఎన్నడును కనబడడు. టెలిఫోనులో పలుకును, బ్యాంకులో డబ్బు వేయును. చాలసేపు ఆడినచో ఆ తండ్రియే ఫోనుచేసి, కొంచెము విశ్రమింపరాదా యని అడుగును. బాలునకు ఇంటిమీద బెంగ పుట్టును. తల్లితో ఫోనులో మాటాడినగాని తీఱదు. పొట్టకూటికై కొడుకులు పట్టణములకు పోయిన మన ఊళ్లవారికి ఈ హాస్యము వివరింప పనిలేదు. నవ్వించుచునే గుండెను తాకును. పిల్లలు ఇట్టి ఆటలకు లోబడుట కేవలము సోమరితనమని తోసివేయరాదు.

లోపములు దానికిని కలవు. చిన్న సంచిలో సామానులు పట్టవు. ఒకే తీరు పోరాటములు మాటిమాటికి చేయవలెను. ఒక చక్కని మాట వినుటకు ఎంతో దూరము నడవవలెను. వీనికంటె పెద్ద లోపము, అందలి మాటలన్నియు ముందే వ్రాసిపెట్టినవి. మీరు "పున్నమినాడెట్ల" అని అడిగినను యంత్రము వినదు. కుల్కచర్ల పిల్లవానికిని, జపాను పిల్లవానికిని ఒకే జవాబు. రెండవసారి వినునప్పటికి అది తుపాకిరాముని పాత అబద్ధమంత పాతదగును.

కావున నా మనవి యిది. వేషమైనను, యంత్రమైనను, హాస్యమునకు రెండు పరీక్షలు పెట్టుడు. అది ఎవరిని నవ్వుచున్నది? నా మాటకు బదులు చెప్పగలదా? మొదటి పరీక్షలో మన పాత వేషము అప్పుడప్పుడు తప్పినది. రెండవదానిలో యంత్రము తప్పినది. మొదటి తప్పు దిద్దుకొనదగినది. తుపాకిరాముడు మీ ముంగిటికి వచ్చినపుడు తలుపు వేయకుడు. ప్రశ్న వేయుడు. దుర్బలునిపై మాట విసరినచో, "అది వద్దు, ఇంకొకటి చెప్పు" మని అరుగుమీదనుండియే వారింపుడు. పెద్దల మాట వాడు వినును. పోవునపుడు బిచ్చమువలె గాక, విద్వాంసునకు ఇచ్చినట్లు ఈయుడు. పాంబండ రామలింగేశ్వరుని జాతరలో వానికొక పూట చోటు చూపింపుడు. ఫోను పట్టుకొన్న మనుమనిని పక్కన కూర్చుండబెట్టుకొని, మొదటి ప్రశ్న వానిచేతనే అడిగింపుడు.