వసంతము – ప్రేమకు మేలుకొలుపు



వసంతమనగానే మావిచిగురు, కోకిలకూత, మల్లెల పరిమళము మనస్సున మెదలును. కవులు వసంతుని మన్మథుని చెలికానిగా వర్ణించిరి. పవిత్రగ్రంథములలో మాత్రము వసంతమునకు అంతకంటె గంభీరమైన పని యొకటి కలదు. క్రుంగిన ప్రేమను లేపి నడిపించుటయే ఆ పని.

వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండము వసంతముతోనే ఆరంభమగును. చైత్రమాసము. పంపాసరస్సు పద్మములతో నిండియున్నది. ఒడ్డునగల చెట్లు విరగబూచినవి. సీతను కోల్పోయిన రామునకు ఆ శోభయే అగ్నియై తోచును. చెంత నిలిచి చూడవలసిన ఆమె లేదు. పూవు పూచినకొలది వియోగము పెరుగును. అప్పుడు లక్ష్మణుడు శోకమును విడిచి ఉత్సాహము వహింపుమని అన్నకు ధైర్యము చెప్పును. రాముడు తేరుకొని ఋశ్యమూకము వైపు సాగును. ఆ దారిలోనే హనుమంతుడు ఎదురగును, సుగ్రీవమైత్రి కుదురును, సీతాన్వేషణమునకు మార్గమేర్పడును.

బైబిలు పాతనిబంధనలోని పరమగీతము 8 అధ్యాయముల ప్రేమకావ్యము. అది పుట్టిన దేశమున వానలు చలికాలమున కురియును. వేసవి పొడిగా నుండును. కావున వాన వెలియుటయే అచట వసంతాగమనము. 2వ అధ్యాయమున ప్రియుడు గోడ వెలుపల నిలిచి, పూలు పూచినవనియు, గువ్వ కూయుచున్నదనియు తెలిపి ప్రియురాలిని లేచి రమ్మనును. ఆ వెంటనే పూతమీదనున్న ద్రాక్షతోటలను పాడుచేయు నక్కలను పట్టవలెనను హెచ్చరికయు వినవచ్చును. పూతకాలమే కావలికాలమని మామిడితోట గల రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. ప్రేమకును అంతే. ఐగుప్తు దాస్యమునుండి విముక్తిని స్మరించు పస్కా పండుగ వసంతముననే వచ్చును. ఆ దినములలో పలు యూదసమాజములు పరమగీతమును పఠించును. ప్రియుని పిలుపులో దైవము తన ప్రజలను పిలుచుటను వారి పెద్దలు దర్శించిరి.

ఒకచోట వియోగము, మరియొకచోట ఆహ్వానము. రెండింటను వసంతము లెమ్మనియే చెప్పుచున్నది. అయినను ఋతువు ఒక్కటియే మనుష్యుని లేపజాలదు. రామునికి సైతము తమ్ముని మాట కావలసివచ్చెను. ఆప్తులను పోగొట్టుకొని ఆ యేడు పండుగ చేయని యింటి ముంగిటను వేపచెట్టు పూయును. ఆ పూత చూచి ఆ యింటివారి కన్నులు చెమర్చును. అట్టి యింటికి పోయి, కొంతసేపు చెంత కూర్చుండి, ధైర్యము చెప్పి, వారిని మరల పొలమునకో బడికో నడిపించిన పొరుగువాడు ఆ గ్రామమునకు లక్ష్మణుడు. ఆ యింటికి వసంతము నిజముగా వచ్చునది ఆనాడే.